కత్తికి లెక్కుంది, మాటకెందుకు లేదు?

“మాట్లాడుకోడానికి రూల్సెందుకండీ, కొట్టుకోడానికి కావాలి గానీ?”

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళ మధ్య ఓ గంట కూర్చుంటే ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. అనేవాళ్ళు సాధారణంగా బాగా అనుభవం ఉన్నవాళ్ళే. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపుతారు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది కూడానూ. నటనని, సంభాషణని పాచికలతో కొలవడమేంటి, ఛీ, అన్నట్టు. నా మటుకు నాకు ఈ ఆటల లోకంలో చలామణీ అవుతున్న పెద్ద అబద్ధాల్లో ఇదొకటి. అబద్ధం అనడం ఎక్కువైతే, బాగా మాట్లాడగలిగినవాళ్ళు తమ సౌకర్యం కోసం కట్టుకున్న సిద్ధాంతం అందాం.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది కంప్యూటర్ గేమ్ కాదు. బల్ల, కాగితం, పెన్సిలు, పాచికలు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్ (ఇకపై డీఎం). కథాలోకం, అందులోని రాజులు, రాక్షసులు, పూటకూళ్ళమ్మలు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మిగతావాళ్ళకి తలో పాత్ర. పాత్రకో కాగితం, దాని మీద ఆరు అంకెలు: బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఆఖర్న చరిష్మా. అంటే ఎదుటివాణ్ణి ఆకట్టుకునే శక్తి అన్నమాట. “నేను తలుపు తంతాను” అని ఆటగాడంటే ఏమయిందో డీఎం చెబుతాడు. ఎటూ తేలని చోట పాచిక తేలుస్తుంది.

ఈ ఆట 2014 నాటి రూల్‌బుక్ తెరిచి చూడండి. పోరాటానికి ఒక పూర్తి అధ్యాయం. ఎవరు ముందు కొట్టాలి, ఎన్నడుగులు నడవొచ్చు, గోడ చాటున నక్కితే ఎంత లాభం, అన్నీ. మంత్రాలు పుస్తకంలో దాదాపు పావు వంతు తినేశాయి. మనుషులతో మాట్లాడి పని జరిపించుకోవడం గురించి? ఒకటి రెండు పేజీలు. అందులోనూ సారాంశం “మీ డీఎం చూసుకుంటాడు” అనే.

సీ లాంగ్వేజ్‌లో కోడ్ రాసినవాళ్ళకి అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. స్టాండర్డ్ ఒక విషయం గురించి నోరు మూసుకుంటే స్వేచ్ఛ వచ్చేది ప్రోగ్రామర్‌కి కాదు, కంపైలర్‌కి. అది తన ఇష్టం వచ్చినట్టు చేస్తుంది, మనం రాత్రి రెండింటికి డీబగ్ చేసుకుంటాం. రూల్‌బుక్ మాటల విషయంలో మౌనంగా ఉన్నప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. స్వేచ్ఛ ఆటగాళ్ళకి వచ్చిందని అందరూ సంబరపడతారు. వచ్చింది డీఎంకి, ఆయన చెవికి ఇంపుగా మాట్లాడేవాడికి.

కొన్నేళ్ళ క్రితం బెంగళూరులో మేం ఆడిన టేబుల్ ఒకటుంది. ఆరుగురం, అందరం సాఫ్ట్‌వేరే. ఆట ఇంగ్లీషులో. టెస్టింగ్‌లో పనిచేసే ఒక కుర్రాడు, మన గోదావరి వైపు నుంచి వచ్చినవాడు, ఉండేవాడు. తెలుగులోనే నోట్లోంచి మాట రావడం కష్టం, ఇంగ్లీషులో అయితే మరీనూ. అతను ఏరికోరి బార్డ్ పాత్ర తీసుకున్నాడు. పాటలు కట్టి, మాటలతో కోట తలుపులు తెరిపించే రకం. అదేంటయ్యా అంటే “నేను కానిది కదండీ ఆడాల్సింది” అన్నాడు. ఈ ఆట ఆడ్డానికి అంతకంటే మంచి కారణం నేను ఇంతవరకూ వినలేదు. పాత్ర తయారుచేసుకోడానికి ఇచ్చే 27 పాయింట్లలో 9 పోసి చరిష్మా 15 కొనుక్కున్నాడు. పక్కనే ప్రీసేల్స్‌లో ఉండే ఇంకొకాయన. ఆయనది గొడ్డలి తిప్పే బార్బేరియన్. చరిష్మా 8, అంటే ఆ పద్ధతిలో ఉండగలిగిన అట్టడుగు. మిగిల్చిన పాయింట్లు బలంలోనూ ఒంటి గట్టిదనంలోనూ పోశాడు.

మూడో వారం రాజుగారి కొలువు. మాకు గుర్రాలు కావాలి. బార్డ్ లేచి, సరిహద్దులో దొంగల స్థావరం ఎక్కడుందో మాకు తెలుసు, గుర్రాలిస్తే దారి చూపిస్తాం అని చెప్పబోయి తడబడ్డాడు. బేరం మాత్రం భేషైన బేరం. డీఎం పెదవి విరిచి “రాజుగారికి నమ్మకం కుదర్లేదు” అన్నాడు. పాచిక వెయ్యనివ్వలేదు. బార్బేరియన్ గారు అందుకుని రెండు నిమిషాల పాటు క్లయింట్‌కి ఇచ్చే పిచ్ ఇచ్చాడు. అందులో బేరమూ లేదు, సమాచారమూ లేదు, ఊపు ఉంది. గుర్రాలొచ్చాయి. టేబుల్ మీద చప్పట్లు. ఆ తర్వాత జరిగిన పోరాటంలో మాత్రం “మీరు జిమ్‌కి వెళ్ళరు కదా సార్, మీ గొడ్డలి దెబ్బ తగల్లేదు” అని బార్బేరియన్ గారితో ఎవరూ అనలేదు. ఆయన బలం కాగితం మీద ఉంది, అది చాలు. కుర్రాడి చరిష్మా కూడా కాగితం మీదే ఉంది, అది చాల్లేదు. నెల తిరక్కుండా అతను రావడం మానేశాడు. రిలీజ్ డెడ్‌లైన్లు అన్నాడు.

ఆ డీఎం చెడ్డవాడు కాదు. అసలు చెడ్డతనం గురించి కాదు నేను మాట్లాడేది. రూలు లేని చోట మంచివాడు కూడా తనకి తెలియకుండానే ఇంగ్లీషుకి, ధాటికి, కులాసాగా నవ్వే మొహానికి మార్కులేస్తాడు. (ఏడాదికోసారి అప్రైజల్ రూములో కూర్చుని వచ్చేవాళ్ళకి ఇంకా వివరంగా చెప్పాలా?)

ఇక్కడ వచ్చే జవాబు ఒకటుంది. “మాట బల్ల దగ్గర నిజంగా మాట్లాడి చూపించొచ్చు, కత్తి నిజంగా తిప్పలేం కదా, అందుకే కత్తికి రూలు” అంటారు. బాగుంది. కానీ చరిత్ర ఇంకోలా ఉంది. ఈ ఆటల తాతముత్తాతలు ప్రష్యా సైన్యం ఆడుకున్న యుద్ధక్రీడలు, క్రీగ్‌స్పీల్ అంటారు. 1824లో రైస్విట్జ్ అనే అధికారి పాచికలు, పట్టికలతో దానికి రూల్స్ రాశాడు. 1876లో వెర్డీ డు వెర్నుయా అనే ఇంకో అధికారి, ఈ పట్టికలన్నీ దండగ, అనుభవం ఉన్న అంపైరు తన బుర్రతో తేల్చేస్తే చాలు అని పుస్తకం రాశాడు. అంటే అచ్చంగా యుద్ధానికే రూల్స్ అక్కర్లేదన్నారు! కత్తి తిప్పలేం కాబట్టి కత్తికి రూలు తప్పదు అన్న వాదన అక్కడే వీగిపోయింది. అంపైరు చెప్పేస్తే చాలనుకుంటే దేనికైనా చాలు. అయితే వెర్డీ కాలపు అంపైర్లు 1870-71లో ఫ్రాన్సుతో నిజంగా యుద్ధం చేసొచ్చిన తరం. మన డీఎం గారు ఇప్పటిదాకా ఎంతమంది రాజుల్ని ఒప్పించారో, ఎన్ని రాక్షస గుంపులతో సంధి కుదిర్చారో నాకైతే తెలియదు.

ఇంకొందరు బ్రౌన్‌స్టైన్ కథ ఎత్తుకుంటారు. 1969లో అమెరికాలో మినియాపోలిస్ దగ్గర డేవిడ్ వెస్లీ అనే ఆయన నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి నడిపాడు. ఊహా పట్టణం పేరు బ్రౌన్‌స్టైన్. సేనాపతులతో పాటు ఒకరికి మేయరు, ఒకరికి బ్యాంకరు, ఒకరికి విశ్వవిద్యాలయం ఛాన్సలరు వేషాలిచ్చాడు. వాళ్ళు యుద్ధం పక్కన పెట్టి ఊరంతా తిరుగుతూ మంతనాలు మొదలెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగితే వెస్లీ అప్పటికప్పుడు రూలు కల్పించాల్సి వచ్చింది. ఆట చెడిపోయిందనుకున్నాడాయన. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ పెట్టమన్నారు. ఈ ఆటలకి పునాది అదే. “చూశారా, మాటలకి రూల్స్ లేకుండానే నడిచింది, కొట్టుకున్నప్పుడే కావలసొచ్చింది” అంటారు మిత్రులు. అయ్యా, మేయరు చేతిలో పదవి ఉంది, బ్యాంకరు చేతిలో డబ్బుంది. మాటకి బరువు ఆ వేషంతోనే వచ్చేసింది. మా బార్డ్‌కి ఉన్న బరువల్లా చరిష్మా 15. దాన్నే లాగేసుకున్నారు.

సరే, విమర్శ ఎవరైనా చేస్తారు, పోరాటం కాని వాటికి మంచి రూలు ఎలా ఉంటుందో చెప్పు అంటారా? కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇదే ఆటకి 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకం ఉంది. పల్చటి పుస్తకం, అరవై నాలుగు పేజీలు. దాన్ని చదివితే ఇప్పటి లావుపాటి పుస్తకాలు ఏం పోగొట్టుకున్నాయో తెలుస్తుంది.

అందులో నేలమాళిగలో కాలాన్ని పది నిమిషాల ముక్కలుగా లెక్కపెడతారు. కాగడా ఆరు ముక్కలు వెలుగుతుంది, అంటే గంట. ప్రతి ఆరింటిలో ఒక ముక్క విశ్రాంతి తీసుకోవాలి. ప్రతి రెండు ముక్కలకీ డీఎం పాచిక వేస్తాడు, 1 పడితే ఏదో ఒక జీవి ఎదురొస్తుంది. దాని దగ్గర సొమ్ము ఉండేది తక్కువ. అంటే ఊరికే తచ్చాడితే ప్రమాదమే గానీ లాభం లేదు. గోడ తట్టి చూడాలా, తలుపు దగ్గర చెవి పెట్టి వినాలా, పోదామా అన్న ప్రతి చిన్న నిర్ణయానికీ ఖరీదు వచ్చేసింది. ఇందులో ఎక్కడా కత్తి లేదు చూడండి.

ఏదో ఎదురొచ్చింది. కొట్టుకోవాల్సిందేనా? కాదు. డీఎం రెండు పాచికలు వేసి దాని మూడ్ ఎలా ఉందో చూస్తాడు. 2 పడితే వెంటనే మీద పడుతుంది. 3 నుంచి 5 అయితే కోపంగా ఉంది, దాడి చెయ్యొచ్చు. 6 నుంచి 8 అయితే ఎటూ తేల్చుకోలేదు. 9 నుంచి 11 అయితే దాడి లేదు, వెళ్ళిపోతుంది లేదా బేరం వింటుంది. 12 పడితే చెయ్యి కలుపుతుంది. మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టం కాబట్టి: రెండు పాచికల మీద వెంటనే దాడి వచ్చేది 36లో ఒక్కసారి. ఎటూ తేలకుండా ఉండేది 36లో 16 సార్లు. అంటే ఎదురుపడ్డ ప్రతి జీవీ చంపాల్సిన టార్గెట్ కాదు, ఎక్కువసార్లు మాట్లాడించాల్సిన మనిషి లాంటిదే. ఇక్కడ చరిష్మా పనికొస్తుంది. 18 ఉన్నవాడు ముందుకొచ్చి మాట్లాడితే పాచికకి 2 కలుస్తుంది, “వెంటనే దాడి” అనే గడి ఇక పడనే పడదు. నోరు తిరగని కుర్రాడైనా సరే, ముందు నిలబడ్డందుకే తేడా వచ్చేసింది. ఆ తర్వాత ఏం మాట్లాడుకుంటారో పుస్తకం చెప్పదు. చెప్పక్కర్లేదు.

పోరాటం మొదలైనా అది చచ్చేదాకా సాగాలని లేదు. మొరేల్ అని ఒక అంకె ఉంటుంది. మొదటి చావు పడ్డప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు డీఎం రెండు పాచికలు వేస్తాడు. ఆ అంకె కంటే ఎక్కువ పడితే శత్రువు పారిపోతాడు, లేదా లొంగిపోతాడు. లొంగినవాడితో మళ్ళీ మాటలే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎక్స్‌పీ. బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు. ఓర్క్ అనే రాక్షసుణ్ణి జయిస్తే 10 పాయింట్లు. ఫైటర్ రెండో లెవెల్‌కి పోవాలంటే 2000 కావాలి. ఓర్క్‌లని కొట్టే ఎదుగుతానంటే తన ఒక్కడి వాటాకే 200 మంది కావాలి, ఈలోగా వాడి ప్రాణం ఎనిమిది ముఖాల పాచిక ఒక్కటి. ఆ దారిన పోయేవాడు మూర్ఖుడు. దొంగిలించు, మోసం చెయ్, లంచమివ్వు, రెండు గుంపుల మధ్య తగవు పెట్టు, సంధి చేసుకో, ఏదైనా సరే, సొమ్ము బయటికొస్తే చాలు. మన భాషలో మెట్రిక్ ఎటుంటే టీమ్ అటు నడుస్తుంది. డెబ్భైలలో ఈ ఆట యుద్ధక్రీడ కడుపునే పుట్టినా, అందులోంచి ఇన్ని కపటోపాయాలు పుట్టుకొచ్చాయంటే కారణం ఆటగాళ్ళ నటనాకౌశలం కాదు, ఈ నాలుగు రూల్సు.

తర్వాత ఏమైంది? 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో బంగారానికి పాయింట్లు “కావాలంటే వాడుకోండి” స్థాయికి దిగిపోయాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఎక్స్‌పీ పట్టిక ఎదురైన సవాలు ఎంత బలమైనదో దాన్ని బట్టి లెక్క. (జయించడమంటే చంపడమే కాదని పుస్తకంలో రాశారు, కాదనను. కానీ పట్టిక నిండా ఉన్నది రాక్షసుల బలాబలాలే.) మెట్రిక్ మారింది, టీమ్ కూడా మారింది.

ఇక్కడ ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న అసలైన ఆయుధం గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే అన్యాయం. మూడో ఎడిషన్ మాటలకి రూలు పెట్టింది: డిప్లమసీ. 2003 నాటి సవరించిన పుస్తకం ప్రకారం పగతో ఉన్నవాణ్ణి స్నేహితుణ్ణి చెయ్యాలంటే 35 తెచ్చుకోవాలి. పదో లెవెల్‌లో ఉన్న హాఫ్-ఎల్ఫ్‌ని తీసుకోండి. నైపుణ్యంలో 13, చరిష్మా 20 ఉంటే 5, స్కిల్ ఫోకస్ వల్ల 3, అనుబంధ నైపుణ్యాలు మూడింటి వల్ల 6, జాతి వల్ల 2. మొత్తం 29. ఇరవై ముఖాల పాచిక మీద 6 పడితే చాలు, నీ తల నరకడానికి వచ్చినవాడు ఒక్క నిమిషంలో ప్రాణస్నేహితుడు. ఏం అడిగావు, వాడికేం లాభం, నువ్వు వాడి తమ్ముణ్ణి చంపావా లేదా, రూలుకి ఏమీ పట్టదు. ఇన్‌పుట్ వ్యాలిడేషన్ లేని ఫంక్షన్. దీన్ని చూసినవాడికి మాటల రూల్స్ అంటే అసహ్యం పుట్టడంలో తప్పులేదు. 2008లో నాలుగో ఎడిషన్ “స్కిల్ ఛాలెంజ్” అని ఇంకోటి తెచ్చింది, ఇన్ని గెలుపులు వచ్చేలోపు ఇన్ని ఓటములు రాకూడదు అని. లెక్కలు ఎంత తప్పాయంటే పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే అంకెలు మార్చి ప్యాచ్ వదలాల్సొచ్చింది.

అంతకంటే పాత ఫిర్యాదు ఇంకోటుంది. 1975లో గ్రేహాక్ అనుబంధంతో దొంగ పాత్ర ఆటలోకొచ్చింది, చప్పుడు లేకుండా నడవడానికి, తాళాలు తియ్యడానికి శాతాలతో సహా. అప్పటిదాకా ఎవరైనా చేసే పనులవి. రూలు రాగానే “నువ్వు దొంగవి కాదు, నీకు రాదు” మొదలైంది. ఆ దొంగకైనా బాగా వచ్చా అంటే, మోల్డ్‌వే పుస్తకంలో మొదటి లెవెల్‌లో తాళం తెరుచుకునేది నూటికి 15 సార్లు. నేను పొగిడిన పుస్తకమే, ఇందులో మాత్రం చెత్తే. రూలు కొత్త దారి తెరవకపోగా ఉన్న దారి మూసేసింది.

ఈ రెండూ ఒప్పుకుంటాను. కానీ చెడ్డ రూలు చూసి రూలే వద్దనడం, బగ్ వచ్చిందని టెస్టింగ్ తీసెయ్యమన్నట్టుంది. కత్తి రూల్స్ ఎన్ని ఎడిషన్లలో ఎన్నిసార్లు తగలడ్డాయి! ప్రతిసారీ కూర్చుని సరిచేశారు. ఎవరూ “సరేలే, ఇకనుంచి కొట్టుకోవడం నటించి చూపించండి” అనలేదు. ఆ ఓపిక మాటల దగ్గరికొచ్చేసరికి ఎటు పోతుంది?

2014లో ఐదో ఎడిషన్ వచ్చింది. ఆటకి మూడు స్తంభాలు అన్నారు: అన్వేషణ, మాటామంతీ, పోరాటం. మొదటి స్తంభం సంగతి చూద్దాం. అడవిలో దారి తప్పడం, తిండి దొరక్కపోవడం గురించి రూల్స్ ఉన్నాయి, నిజమే. కానీ రేంజర్ తనకి అలవాటైన ప్రాంతంలో ఉంటే మంత్రం వల్ల తప్ప జట్టు దారి తప్పదు. ఔట్‌లాండర్ నేపథ్యం తీసుకున్నవాడు, నేల మరీ గొడ్డుబోయి ఉంటే తప్ప, తనకీ ఇంకో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్ళూ వెతికిపెడతాడు. గుడ్‌బెర్రీ అని మొదటి స్థాయి మంత్రం, పది పళ్ళు, ఒక్కోటి ఒక మనిషికి రోజంతటి తిండి. చీకటికి లైట్ మంత్రం, అదీ ఎన్నిసార్లయినా ఉచితం. అంటే అన్వేషణలో బాగా రాణించే పాత్ర చేసేదేంటయ్యా అంటే అన్వేషణని ఆటలోంచి తీసెయ్యడం! గొడ్డలి వీరుడికి మాత్రం “నువ్వుంటే పోరాటం జరగదు, గెలిచినట్టే రాసుకో” అనే వరం ఎవరూ ఇవ్వలేదు. వాడికి కొట్టడానికి ఇంకా నాలుగు రకాలు ఇచ్చారు. మూడు స్తంభాల్లో ఏది బరువు మోస్తోందో, ఏది ప్లాస్టర్ ఆఫ్ పారిస్సో దీన్నిబట్టి తెలియడం లేదూ?

ఇక కాస్త చదువుకున్నవాళ్ళ వాదన: రూలు లేని చోటే అసలు ఆట పుడుతుంది, ఆ ఖాళీని ముట్టుకోకండి అని. దీనితో నాకు సగం పేచీ లేదు. పైన చెప్పిన 1981 పుస్తకంలోనూ ఓర్క్‌తో ఏం మాట్లాడాలో లేదు. కానీ ఆ ఖాళీ చుట్టూ గోడలున్నాయి. వాడి మూడ్ పాచిక చెప్పింది, కాగడా ఆరిపోతోంది, వాణ్ణి చంపితే 10 పాయింట్లే, వాడి వెనకున్న పెట్టెలో 500 నాణేలున్నాయి. అప్పుడు మాటకి అర్థం ఉంది. గోడలు కూడా పీకేసి మైదానం చూపించి ఇది కూడా ఖాళీయే కదా అంటే ఎలా? 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన పెండ్రాగన్ ఆటలో ప్రతి వీరుడికీ 13 జతల గుణాలుంటాయి. నిజాయితీ-మోసం, దయ-క్రూరత్వం, ఇలా. జతకి మొత్తం 20. ఏ గుణమైనా 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, పరీక్ష వచ్చినప్పుడు పాచిక వెయ్యాల్సిందే, మనసులో ఇంకోటున్నా సరే. ఆర్థర్ రాజు కథల్లోని వీరులు తమ గుణాల వల్లే ఎలా చెడిపోయారో నటనతో తేవడానికి గొప్ప నటుడు కావాలి. ఈ రూలుతో నాలాంటి మూగమొద్దు చేతిలో కూడా అది జరుగుతుంది.

నేను అడిగేది చాలా కొంచెం. రాజుగారి కొలువులో నోరు విప్పేముందు మూడు సంగతులు బల్ల మీద తేలాలి: మనకేం కావాలి, రాజు ప్రస్తుతం ఏ మూడ్‌లో ఉన్నాడు (పాచిక చెబుతుంది), కాదంటే మనకేం పోతుంది. ఆ తర్వాత ఎవరికొచ్చినట్టు వాళ్ళు చెప్పొచ్చు. “నా బార్డ్ వాళ్ళ నాన్నగారి యుద్ధాలు తలుచుకుని పొగిడి, దొంగల స్థావరం సంగతి చెబుతాడు” అని ఒక్క వాక్యంలో, వచ్చిన భాషలో చెప్పినా చాలు. ఏం చెప్పాడన్నదాన్ని బట్టి డీఎం లెక్క కడతాడు. ఎలా చెప్పాడన్నది కాగితం మీదున్న చరిష్మా చూసుకుంటుంది. పాచిక వేస్తారు. బాగా నటించేవాళ్ళు నటించండి, అందరం ఆనందిస్తాం, చప్పట్లు కొడతాం, గుర్రాలు మాత్రం ఇవ్వం.

ఇదంతా ఆటని నెమ్మదింపజేస్తుందంటారేమో. ఒక గుంపుతో కత్తియుద్ధం నడవడానికి గంట పడుతోంది, ఎవరూ గడియారం చూడరు. రెండు పాచికలు వేసి ఓర్క్ మూడ్ చూడ్డానికి పది సెకన్లు.

అది కూడా వద్దనుకునే డీఎంలు ఒక్క పని చేస్తే నాకే అభ్యంతరమూ లేదు. మొదటి రోజే, పాత్రలు తయారుచేసుకోకముందే, “మా టేబుల్ దగ్గర చరిష్మా గడి కొట్టేశాం, ఎవరి నోటిని బట్టి వాళ్ళకి” అని చెప్పెయ్యండి. ఆ 9 పాయింట్లు మేం బలంలో పోసుకుంటాం.